నిష్ఠగా నెక్స్ట్ నొక్కండి

మా ఇంటికి ఎదురుగానే అంగన్‌వాడీ కేంద్రం. రిటైరైన ఎలిమెంటరీ స్కూలు మాస్టారికి ఎదురింట్లో చిన్నపిల్లల బడి ఉండటమంటే, తాగుడు మానేసినవాడికి గుమ్మం ముందు కల్లుపాక ఉన్నట్టే. చూడకుండా ఉండలేను. చూశాక నోరు మూసుకోలేను.

మొన్న పదకొండు గంటలప్పుడు టీచరమ్మ మా గేటు దగ్గరికొచ్చింది. కుడిచేతిలో ఫోను, ఎడం చంకలో రెండేళ్ల పిల్ల, పళ్ల మధ్య పెన్ను మూత. మూత తీసి, "మాస్టారూ, ఓ అరగంట ఖాళీయేనాండీ?" అంది. రిటైరైనవాణ్ని పట్టుకుని ఖాళీయేనా అని అడిగిన మనిషి ఈ పదేళ్లలో ఆవిడొక్కతే. మిగతావాళ్లు అడగరు, సంచీ చేతికిస్తారు.

సంగతేమిటంటే, సాయంత్రం అయిదులోగా ఆన్‌లైన్ ట్రైనింగులో మూడు పాఠాలు పూర్తవ్వాలి. ఎవరు పూర్తి చేశారో, ఎవరు చేయలేదో పైనుంచి వచ్చిన పట్టికను సూపర్‌వైజరమ్మ వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. చేసినవాళ్లు పచ్చ, చేయనివాళ్లు ఎరుపు. "సెక్టారు మొత్తానికి నా పేరొక్కటే ఎర్రగా ఉంది మాస్టారూ," అంది, పెళ్లిలో తన విస్తరిలోనే లడ్డూ వేయలేదన్నంత చిన్నబుచ్చుకుని. ఆవిడ అప్పటికి పూర్తిచేసిన పాఠంలో, పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చి నలుగురిలో తక్కువ చేయకూడదని ఉందట.

వెళ్లి కూర్చున్నాను. ఆయా పొయ్యి మీద పప్పు తిప్పుతోంది. పద్నాలుగు మంది పిల్లలు చెక్క దిమ్మలతో బస్సు కట్టుకుంటున్నారు. ఒకడు కండక్టరు. టిక్కెట్లు చింతాకులు. టీచరమ్మ ఫోనులో పాఠం మొదలుపెట్టింది. శీర్షిక: చిన్నపిల్లల్ని తెరకు దూరంగా ఉంచడం ఎలా.

ఫోను వెలిగిందో లేదో, బస్సు ఆగిపోయింది. కండక్టరుతో సహా ప్రయాణికులందరూ దిగి మా మీద పడ్డారు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజుకు గంటకు మించి తెర చూడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మా వీధి పిల్లలు ఆ గంటలో పావువంతును, తెర చూడకూడదని చెప్పే పాఠం చూడటానికే వాడేసుకున్నారు. అదృష్టం ఏమిటంటే వాళ్లు చూసింది పాఠం కాదు. సిగ్నల్ లేక తెర మధ్యలో ఓ చక్రం తిరుగుతూ నిలబడింది. "గుండ్రం!" అని అరిచింది ముందు వరసలో ఉన్న పిల్ల. "గుండ్రం! గుండ్రం!" అని మిగతావాళ్లు అందుకున్నారు. నేను ముప్ఫయ్యారేళ్లు పంతులుగా చేశాను. వృత్తం అనే భావన ఇంత త్వరగా, ఇంతమందికి ఒకేసారి ఎక్కడం చూడలేదు.

ఎట్టకేలకు చక్రం పోయి ఒక మేడమ్ ప్రత్యక్షమైంది. ఇస్త్రీ చెదరని చీర, వెనక గోడ మీద పిల్లల బొమ్మలు, కనుచూపు మేరలో ఒక్క పిల్లా లేదు. "శిశువుల సమగ్ర వికాసార్థం క్రీడాధారిత అభ్యసన ప్రక్రియ" అని మొదలుపెట్టింది. హిందీలో పుట్టి తెలుగు బట్టలు కట్టుకున్న వాక్యమది.

పొయ్యి దగ్గర్నుంచి ఆయా అడిగింది: "అంటే ఏంటి టీచరమ్మా?"

"పిల్లల్ని ఆడుకోనివ్వమని."

"మరి ఆడుకుంటానే ఉన్నారుగా, ఈ ఫోను పెట్టిందాకా?"

ఆయాకి ఈ ట్రైనింగ్ లేదు. అందుకే అలా మాట్లాడుతుంది.

వీడియోని ముందుకు జరపడానికి వీల్లేదు. నెక్స్ట్ అనే బొత్తం చివరిదాకా బూడిదరంగులోనే ఉంటుంది. నాలుగేళ్ల పిల్లాణ్ణి పది నిమిషాలకు మించి ఒక్కచోట కూర్చోబెట్టలేమని అదే మేడమ్ నలభై నిమిషాల పాటు చెప్పింది. చేత్తో చేస్తేనే పిల్లలకు వస్తుంది, వింటే రాదు అని కూడా చెప్పింది. మేం విన్నాం. వేలి కండరాల నైపుణ్యం గురించి చెబుతుండగా ఒక పిల్ల నా చొక్కా బొత్తాలు మూడు విప్పి, రెండు తప్పు కాజాల్లో పెట్టింది. దాన్ని నమోదు చేసే గడి యాప్‌లో లేదు.

ఆ తర్వాత క్విజ్. మొదటి ప్రశ్న: పిల్లవాడు ఏడుస్తున్నప్పుడు టీచరు మొదట చేయవలసిన పని ఏది? ఎ) గద్దించుట. బి) పట్టించుకొనకుండుట. సి) దగ్గరకు తీసుకొనుట. డి) పైవన్నీ. సరిగ్గా ఆ క్షణానే కండక్టరుగాడు దిమ్మ మీంచి జారి పడి బావురుమన్నాడు. టీచరమ్మ ఫోను కింద పెట్టేసి వాణ్ణెత్తుకుంది. మోకాలు ఊదింది, కొంగుతో ముక్కు తుడిచింది, చింతాకు చేతిలో పెట్టి రాజమండ్రికి టిక్కెట్టడిగింది. వాడు నవ్వాడు. తిరిగొచ్చి చూసేసరికి టైమైపోయింది. ఆ ప్రశ్నకి సున్నా.

జవాబు చేసింది గానీ నొక్కలేదు. అంతే తేడా.

యాప్ పేరు ఎందుకులెండి. పేర్లంటే గుర్తొచ్చింది. ఈ దేశంలో టీచర్ల ట్రైనింగులకి పేరు పెట్టే ఉద్యోగం ఒకటి ఎక్కడో ఉండి తీరాలి, దాంట్లో ఉన్నాయన పూర్వాశ్రమంలో పీఠాధిపతి అయ్యుండాలి. 2017 టీచర్స్ డే నాడు వచ్చిన వేదిక పేరు దీక్ష. 2019లో మొదలైన శిక్షణ నిష్ఠ. 2020లో ప్రభుత్వోద్యోగులకు తెచ్చినది కర్మయోగి. 2024లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు తయారుచేసిన పాఠ్యప్రణాళిక ఆధారశిల, మూడేళ్లలోపు వాళ్లకి నవచేతన. వరసగా చదివితే ఆశ్రమంలో సాయంత్రం హారతికి పిలిచినట్టుంటుంది. ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలను ఏరి, సంస్కృతం వచ్చేదాకా కుదించడం సామాన్యమైన పని కాదు. ఆయనకెవరైనా సర్టిఫికెట్ ఇవ్వాలి.

కర్మయోగి మాటకి వస్తే, దేశంలో అసలైన కర్మయోగులు 1975 అక్టోబరు 2 నుంచీ ఉన్నారు. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైన రోజు అది. అప్పుడు 33 బ్లాకులు, ఇప్పుడు దాదాపు 14 లక్షల కేంద్రాలు. ఫలం మీద ఆశ వద్దనే సిద్ధాంతాన్ని అక్షరాలా అమలు చేయాలని వాళ్లకిచ్చేదానికి జీతమని పేరు పెట్టలేదు, గౌరవ వేతనమన్నారు. కేంద్రం తన లెక్కన 2018 అక్టోబరులో ఆ గౌరవాన్ని నెలకు 3,000 నుంచి 4,500 చేసింది. రాష్ట్రాలు తమ గౌరవం తాము కలుపుతాయి. ఆంధ్రలో 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు వాళ్లు సమ్మె చేశారు. యాప్ దీక్ష కాదు, టెంటు దీక్ష. సమ్మె మధ్యలో ఎస్మా చట్టం ప్రయోగించారు, మీది అత్యవసర సేవ అని. అంటే జీతం అడిగితే స్వచ్ఛంద సేవకురాలు, పని మానేస్తే అత్యవసర సేవ, ట్రైనింగు ఎగ్గొడితే క్రమశిక్షణ లేని ఉద్యోగి. ఒకే మనిషికి మూడు వేషాలు సురభి నాటకాల వాళ్లు కూడా ఒకే అంకంలో వేయించరు. వీళ్లకు గ్రాట్యుటీ ఇవ్వాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

చదువు అక్కర్లేదని నేననడం లేదు. ఆరేళ్లలోపే మెదడు 85 శాతానికి పైగా ఎదుగుతుందని 2020 జాతీయ విద్యావిధానం రాసింది. (మిగిలిన 15 శాతంతో మనలాంటి వాళ్లం కాలమ్‌లు రాసుకుంటాం.) అంత పని ఆవిడ చేతిలో పెట్టినప్పుడు నేర్పాల్సిందే. ఇంటర్ చదివినవాళ్లకి ఆరు నెలల సర్టిఫికెట్, అంతకు తక్కువైతే ఏడాది డిప్లొమా, ఫోనులోనూ డీటీహెచ్ చానళ్లలోనూ, చేస్తున్న పనికి అంతగా ఆటంకం లేకుండా ఇవ్వొచ్చని అందులో ఉంది. ఆ ఆటంకం మాట రాసినాయన పప్పు ఎసట్లో ఉండగా ఓటీపీ అందుకుని ఎరగడు. ఆ పక్క వాక్యంలోనే నెలకొకసారైనా ముఖాముఖి తరగతి పెట్టాలని కూడా ఉంది. రెంటిలో ఏది పట్టికలో పచ్చరంగుకి తేలిగ్గా ఒదుగుతుందో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

2023లో మొదలైన 'పోషణ్ భీ పఢాయీ భీ' కింద మూడు రోజుల ట్రైనింగుకి టీచరమ్మ బస్సెక్కి వెళ్లొచ్చింది. దాని గురించి అడిగితే ఇప్పటికీ మొహం వెలుగుతుంది. అగ్గిపెట్టెలతో రైలు చేశారట. మైలవరం వైపు నుంచి వచ్చిన ఒకావిడ గోరుచిక్కుడు గింజలతో లెక్కలు చెప్పే ఉపాయం చెప్పిందట. ఆ రైలు ఇంకా కేంద్రంలో కిటికీ మీద ఉంది, రెండు పెట్టెలు ఊడిపోయి. మరి ఫోనులో ఇప్పటికి ఎన్ని పాఠాలు చేశావమ్మా, వాటిలో ఏం గుర్తుంది అంటే కాసేపు ఆలోచించి, "పాస్‌వర్డండీ," అంది.

నాకూ అలాంటిదే అనుభవం. 1980ల చివర్లో, తొంభైల మొదట్లో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో మన రాష్ట్రంలో ఏపీపెప్ అనే ప్రాథమిక విద్యా పథకం ఒకటి నడిచింది. మమ్మల్ని ఒక చోట కూర్చోబెట్టి, కృత్యాల ద్వారా బోధన అంటూ రంగు కాగితాలు కత్తిరింపజేసేవారు. భోజనమయ్యాక మాలో సగం మంది కునుకు తీసేవాళ్లం. అబద్ధమెందుకు, నేను ఆ సగంలోవాణ్ణే. కానీ నాలుగింటికి టీ వచ్చేది. ఆ టీ దగ్గర పక్క ఊరి పంతులు తన ఒకటో తరగతి అల్లరిమూకను చింతగింజలతో ఎలా దారిలో పెట్టాడో చెప్పేవాడు. ముప్ఫయ్యారేళ్లూ నా కడుపు నింపిన విద్య ఆ టీ దగ్గరిదే. యాప్‌లో టీ విరామం లేదు, పక్క ఊరి పంతులూ లేడు. కునుకు మాత్రం ఉంది, అదీ ఒంటరిగా తీయాలి.

సర్వర్ డౌన్ అని ఇప్పటివాళ్లు గోల పెడతారు. అసలు సర్వర్ డౌనంటే 1940. అంతకు ముందు ఏడాది ఇటలీ విద్యావేత్త మరియా మాంటిసోరి టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి మద్రాసు అడయారులో దిగింది. ఆవిడ ఇటాలియన్‌లో చెబితే, కొడుకు మారియో ఇంగ్లీషులో చెప్పేవాడు. ఇంతలో ఇటలీ యుద్ధంలోకి దిగింది, తల్లీకొడుకులు శత్రుదేశస్థులైపోయారు. అనువాదకుణ్ణి తీసుకెళ్లి నిర్బంధంలో పెట్టారు. కొన్నాళ్లకు వదిలారనుకోండి. తల్లీకొడుకులకి 1946 దాకా ఈ దేశమే దిక్కయింది. చేతికి తగిలే చెక్క సామాను, పక్కన మనిషి ఉన్నారు కాబట్టి ప్రపంచ యుద్ధంలో కూడా ట్రైనింగు ఆగలేదు. మా వీధిలో నాలుగు చినుకులు పడితే ఆగిపోతుంది.

టౌనులో ప్లేస్కూలు టీచర్ల అవస్థ ఇంకో రకం. సాయంత్రం ఏడింటికి వెబినారు, చాట్‌లో గుడ్ ఈవినింగ్ అని పెడితే హాజరు, చివర్లో ఫారం నింపితే బంగారు అంచు సర్టిఫికెట్. అది పిల్లల తల్లిదండ్రులు కూర్చునే గదిలో ఫ్రేము కడతారు. దాన్ని సంపాదించినావిడ మరుసటి ఏడాదికి ఇంకో స్కూల్లో ఉంటుంది. ఫ్రేము మాత్రం అక్కడే ఉంటుంది.

అమెరికాలో మా మేనకోడలు చిన్నపిల్లల టీచర్లకిచ్చే సీడీఏ అనే సర్టిఫికెట్ చేసింది. 120 గంటల చదువు, కావాలంటే ఆన్‌లైనే. దాంతోపాటు పిల్లల మధ్య 480 గంటలు పనిచేసినట్టు చూపాలి. ఒక గంట వింటే నాలుగు గంటలు చేయమని. ఆ 480 గంటలు మా టీచరమ్మకి కొన్ని నెలల పని. ఆవిడకి సర్వీసు పందొమ్మిదేళ్లు. ఆ పందొమ్మిదేళ్లకి యాప్‌లో గడి లేదు, ఇంటిపేరు తర్వాత చుక్క పెట్టాలా వద్దా అన్నదానికి ఉంది.

క్విజ్ రెండోసారి రాశాం. ఈసారి పని పంచుకున్నాం: ప్రశ్న చదవడం నేను, నొక్కడం టీచరమ్మ, జవాబు ఆయా. వీడియో ఒక్క నిమిషమైనా చూడని ఆయా, కోడిగుడ్లు పెంకు తీస్తూ పదికి తొమ్మిది చెప్పింది. తప్పిన ఒక్కటీ ఒక పథకం పూర్తిపేరు. మధ్యలో పోషణ్ ట్రాకర్ అనే ఇంకో యాప్ పని తగిలింది. బాలింత ఒకామె సరుకుల కోసం వచ్చింది, మనిషి ఆవిడేనని తేలడానికి ఫోను ఎదుట నిలబడి కళ్లార్పాలి. ఆవిడ ఆర్పినప్పుడు ఫోను చూడలేదు, ఫోను చూసినప్పుడు ఆవిడ ఆర్పలేదు. చంకలో ఉన్న చంటివాడు మాత్రం బ్రహ్మాండంగా ఆర్పాడు.

నాలుగయ్యేసరికి మూడో పాఠం దగ్గర మళ్లీ చక్రం. తల్లులు ఒక్కొక్కరే వస్తున్నారు. గుండ్రం అని అరిచిన పిల్ల గుమ్మం దగ్గర సుద్దముక్కతో నేల మీద ఏదో గీస్తోంది. వాళ్లమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని లాగినా లేవలేదు. ఒక సున్నా చుట్టి, దాని మీదే ఇంకోసారి, ఇంకోసారి చుడుతోంది. సుద్ద అరిగి వేలికొస్తోంది.

"ఏంటే అది? లే, పోదాం."

"టీచరమ్మ చదువే అమ్మా," అంది పిల్ల, చెయ్యి ఆపకుండా. "ఇంకా తిరుగుతా ఉంది."