లేని తీర్పు... ఉన్న కేసు!

మెల్‌బోర్న్‌లో హత్య కేసు. విక్టోరియా సుప్రీంకోర్టుకు డిఫెన్స్ లాయర్లు ఏఐ సాయంతో వాదన రాసిచ్చారు.

అందులో పాత తీర్పులున్నాయి. శాసనసభ ప్రసంగంలోని మాటలున్నాయి. పుట్టని తీర్పులు, ఎవరూ అనని మాటలు!

'కాపీలు ఇప్పించండి' అని జడ్జిగారి సిబ్బంది అడిగేదాకా ఆ సంగతే బయటపడలేదు.

లాయర్లు మొదటివి సరిచూశారట. బాగున్నాయట. మిగతావీ అంతేననుకున్నారట. అన్నం ఉడికిందనడానికి ఒక్క మెతుకు చాలదూ!

ప్రాసిక్యూషన్‌కూ ఆ వాదన కాపీ అందింది. వారూ చూడలేదు. కోర్టులో ఇరుపక్షాలకూ ఇంత ఏకాభిప్రాయమా!

అక్కడ లాయర్ల ఫీజుకు ఆరు నిమిషాలు ఒక యూనిట్. ఏఐ ఎన్ని యూనిట్లు మిగిల్చిందో గానీ, విచారణ మాత్రం 24 గంటలు వాయిదా పడింది.

2025 ఆగస్టులో జడ్జికి క్షమాపణ చెప్పింది సీనియర్ లాయరే. ఏఐ కాదు.