డిస్కుకు చిల్లులు, జేబుకూ చిల్లులే

మా కాలనీ కుర్రాడు తన బుల్లి హ్యాచ్‌బ్యాక్‌కు బ్రేకులు మార్పించాడు. ముందు చక్రాలకు చిల్లుల డిస్కులు, రేసు ప్యాడ్లు. వెనక? కంపెనీ ఇచ్చిన డ్రమ్ములే. కాకపోతే వాటి మీద ఎర్ర ప్లాస్టిక్ కాలిపర్ బొమ్మ తొడిగించాడు. గుర్రమెక్కని పెళ్లికొడుక్కి కత్తి కట్టినట్టుంది.

రేసు ప్యాడ్‌కో గుణముంది. బాగా వేడెక్కితే తప్ప గట్టిగా పట్టదు. ట్రాక్ మీద వందల డిగ్రీలు మామూలే. సాయంత్రం కూకట్‌పల్లిలో 20 కిలోమీటర్ల వేగం దాటని బండిలో వేడెక్కేది డ్రైవరొక్కడే. పొద్దున్నే చల్లటి ప్యాడ్ మీద కాలు వేస్తే ముందు వీధంతా లేచేలా కీచుమంటుంది. ఆగడం సంగతి ఆ తర్వాత.

ఇక చిల్లులు. పాతకాలపు ప్యాడ్లు కాలి వదిలే వాయువులు బయటికి పోవడానికి పుట్టాయవి. ఇప్పటి ప్యాడ్లకు ఆ బెడద దాదాపు లేదు. చవక డిస్కయితే, పగుళ్లు ఆ చిల్లుల దగ్గరే మొదలవుతాయి. అయినా అలాయ్ చక్రం సందుల్లోంచి మెరుస్తాయిగా!

అసలు రోడ్డును పట్టుకునేది టైరు కదా అని వంగి చూశాను. తిరుపతిలో మొక్కు తీర్చుకొచ్చిన గుండులా నున్నగా ఉంది. చట్టం అడిగే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లు, ఇక్కడ గాడే వెతుక్కోవాలి.

"బ్రేక్ ఆయిల్ తేమ పీలుస్తుంది నాన్నా, రెండేళ్లకోసారి మార్చాలి. అదైనా మార్పించావా?" అన్నాను.

"అది బయటికి కనపడదు కదంకుల్!"