ఇరవై ఆరో కిలో

పన్ను తప్పించుకోవాలంటే కేమన్ దీవులకో, పనామాకో పోవాలని పేపర్లలో చదువుతుంటాం. అంత దూరం దేనికి? సిరిసిల్ల దగ్గరి మా ముస్తాబాద్‌లో ఏ కిరాణా కొట్టుకైనా పోయి బియ్యం బస్తా మీద తూకం చూడండి. 26 కిలోలు. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద కేంద్రం 5 శాతం జీఎస్టీ వేసింది. 25 కిలోలు దాటిన బస్తాకు మాత్రం అది వర్తించదంది. మిల్లర్లు ఇంకో కిలో పోసి కుట్టేశారు. అంతే, పన్ను మాయం. మన కేమన్ దీవి ఆ ఇరవై ఆరో కిలోనే. సముద్రం లేదు, ఇసుక తిన్నెలు లేవు, మూతి మీద దారం కుట్టు ఒకటి ఉంది.

నవ్వులాటకు చెప్పడం లేదు. ఈ దేశపు పన్నుల శాస్త్రమంతా ఆ బస్తాలోనే ఉంది. ఐదు కిలోల ప్యాకెట్ కొనేవాడు పన్ను కడతాడు. నెలకు సరిపడా బస్తా ఒకేసారి కొనగలవాడు కట్టడు. హద్దు దాటేంత పెద్దవాడివైతే పన్ను నిన్ను అంటుకోదు. శతకోటీశ్వరులు కనిపెట్టారనుకున్న రహస్యం మా మిల్లర్లకు ఎప్పుడో తెలుసు.

బీడీ సంగతి చూద్దాం. సిరిసిల్ల, ముస్తాబాద్ నుంచి జగిత్యాల, కోరుట్ల దాకా ఆడవాళ్ల ఒడిలో చాట లేని వాడ అరుదు. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి వెయ్యి బీడీలు లెక్క అప్పజెప్పేసరికి పొద్దు గుంకుతుంది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు ఆ బీడీని 28 శాతంలో పెట్టారు. ఆ వరుసలో ఇంకెవరున్నారో చూస్తే కార్లు, ఏసీలు. వాటి మధ్య మా బీడీ కట్ట కాలు మీద కాలేసుకుని కూచుంది. తునికాకు మీద 18 శాతం వేరే. అలా ఎనిమిదేళ్లు నడిచాక 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి బీడీని 18కి, ఆకును 5కి తగ్గించాలని నిర్ణయించింది. దండాలు.

అటు 2019 సెప్టెంబర్ 20న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ పార్లమెంటు దాకా కూడా ఆగకుండా ఆర్డినెన్స్‌తో, మినహాయింపులు వదులుకునే కంపెనీల పన్నును 30 నుంచి 22 శాతానికి దించారు. సర్‌చార్జీ, సెస్సు అన్నీ కలిపినా 25.17. దీనివల్ల ఏడాదికి లక్షా 45 వేల కోట్ల ఆదాయం పోతుందని ఆమే చెప్పారు. అంటే ఈ పద్ధతి ఎంచుకుంటే ఎంత పెద్ద కంపెనీ అయినా లాభం మీద కట్టేది 25.17 శాతం, అరుగు మీద ముసలాయన దమ్ము మీద కట్టింది 28 శాతం. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టకూడదని చార్టర్డ్ అకౌంటెంట్లు కోప్పడతారు, అది లాభం మీద, ఇది ధర మీద అని. నిజమే. లాభం రాకపోతే కంపెనీకి పన్ను లేదు. దమ్ము రాకపోయినా ముసలాయనకు పన్ను ఉంది.

రైతులకు రైతుబంధు సాయం ఇచ్చిన రోజుల్లో, ఇలా ఇస్తే జనం సోమరులవుతారని టీవీలో పెద్దమనుషులు చెప్పేవారు. లక్షా 45 వేల కోట్లు వదులుకుంటే మాత్రం పుచ్చుకున్నవాళ్లకు హుషారు వస్తుందట. డబ్బుకు ఇన్ని గుణాలున్నాయని వైద్యులు ఇంకా గుర్తించినట్టు లేదు.

కోటీశ్వరుడికి జీతం ఉండదు, ఉన్నా నామమాత్రమే. ఆస్తంతా షేర్లలో ఉంటుంది. షేరు పెరిగితే అది ఆదాయం కాదు, అమ్మితేనే ఆదాయం. అందుకని అమ్మడు. షేర్లు కుదవపెట్టి అప్పు తెచ్చుకుని బతుకుతాడు. అప్పు ఆదాయం కాదు గనుక పన్ను లేదు. 2014 నుంచి 2018 దాకా అమెరికాలోని మొదటి 25 మంది ధనవంతుల ఆస్తి ఎంత పెరిగింది, వాళ్లు కట్టిన ఆదాయపు పన్ను అందులో ఎంత అని ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ 2021లో లెక్క తీస్తే 3.4 శాతం తేలింది. ఇది చదివి నాకు ఒళ్లు పులకరించింది. కుదవపెట్టి అప్పు తెచ్చి బతకడమే గొప్ప ఆర్థిక ప్రణాళిక అయితే, సిరిసిల్ల మరమగ్గాల వాడలన్నీ ప్రపంచస్థాయి ప్రణాళికావేత్తలతో నిండి ఉన్నాయి. ఒక్కటే తేడా. వాళ్ల అప్పుకు బ్యాంకు ఇంటికొచ్చి కాఫీ తాగుతుంది, మనవాళ్ల అప్పుకు వడ్డీవ్యాపారి ఇంటికొచ్చి గిన్నెలు లెక్కపెడతాడు.

మన దేశంలోనూ ఒకప్పుడు ఆస్తి మీద పన్నుండేది. చచ్చిపోయినవాడి ఆస్తి మీద 1953లో ఎస్టేట్ డ్యూటీ పెట్టారు, 1985లో ఆర్థిక మంత్రి వీపీ సింగ్ తీసేశారు. నికొలస్ కాల్డోర్ అనే కేంబ్రిడ్జి ఆర్థికవేత్త సలహాతో 1957లో సంపద పన్ను వచ్చింది. 1990ల మొదట్లోనే షేర్లను దాని నుంచి తప్పించారు. అంటే చేపల చెరువుకు వల వేసి, చేపలు పట్టొద్దని చెప్పారు. 2013-14లో వెయ్యీ ఎనిమిది కోట్లే వచ్చాయి. ఇంత తక్కువొచ్చే పన్ను వసూలుకే ఖర్చెక్కువని 2015 బడ్జెట్లో అరుణ్ జైట్లీ దాన్ని ఎత్తేసి, కోటి దాటిన ఆదాయం మీద 2 శాతం సర్‌చార్జీ పెంచారు. తక్కువ వసూలైతే పన్ను ఎత్తేస్తారని ముందే తెలిస్తే మా ఊళ్లో ఇంటి పన్ను ఎవరు కడతారు? పంచాయతీ కార్యదర్శి డప్పు చాటింపు వేయించడం ఆపి జైట్లీ ఉపన్యాసం చదువుకుంటే సరిపోతుంది. 2022-23 నాటికి దేశ సంపదలో 40.1 శాతం పైనున్న ఒక్క శాతం మంది దగ్గరుందని పారిస్‌లోని వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ లెక్కగట్టింది. ఆ చెరువులో ఇప్పుడు చేపలు లేవని మాత్రం ఎవరూ అనలేరు.

పన్ను వద్దనుకున్నవాళ్లు డబ్బివ్వడమే మానేశారని అనుకోవద్దు. ఇస్తారు. ఎవరికివ్వాలో వాళ్లే ఎంచుకుంటారు. 2018 జనవరి నుంచి 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసేదాకా నడిచిన, పార్టీలకు చందాగా ఇచ్చే ఎలక్టోరల్ బాండ్లు అందుకే. కొన్నదెవరో, ఎవరి సొమ్ము ఏ పార్టీకి చేరిందో జనానికి తెలిసేది కాదు. బాండ్ల అచ్చు ఖర్చు, స్టేట్ బ్యాంకు కమీషన్ ప్రభుత్వమే భరించింది. అంటే ఖజానా, అంటే అందులో మా ముసలాయన దమ్ము కూడా ఉంది. ఎవరి చెవిలో ఎవరు గుసగుసలాడుకోవడానికో అరుగు మీద కూచున్నవాడు కాగితం కొనిచ్చాడు.

కోర్టు లెక్కలన్నీ బయటపెట్టమంటే స్టేట్ బ్యాంకు జూన్ 30 దాకా గడువడిగింది. ఇరవై రెండు వేల బాండ్లు, రెండు చోట్ల సీలు కవర్లు, జత కలపాలంటే టైం పడుతుందంది. పంట రుణం వాయిదా దాటితే మర్నాడే ఫోన్ చేసే బ్యాంకులున్న దేశం ఇది. మార్చి 11న కోర్టు కుదరదంది, 12న లెక్కలు వచ్చేశాయి. 1978లో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగి, జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన రోజుల్లో దొర ఎవరో, గడి ఎక్కడుందో పశులగాచే పోరగానికీ తెలుసు. ఇప్పటి దొర పేరు తెలుసుకోవాలంటే సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీలతో ధర్మాసనం వేయాల్సి వచ్చింది.

బయటపడ్డ పేర్లలో, ఎక్కువ బాండ్లు కొన్నవాళ్ల వరుసలో రెండోది మన హైదరాబాద్‌దే. మేఘా ఇంజినీరింగ్, 966 కోట్లు. మా ముస్తాబాద్ పొలాలకు నీళ్లిస్తుందన్న కాళేశ్వరంలో పెద్ద పనులు చేసిన సంస్థ. బీజేపీకి 584 కోట్లు, బీఆర్‌ఎస్‌కు 195 కోట్లు ఇచ్చింది. డీఎంకే, వైసీపీ, టీడీపీ, కాంగ్రెస్‌లనూ చిన్నబుచ్చలేదు. ప్రజాస్వామ్యం మీద ప్రేమతోనే ఇచ్చి ఉంటారు. ప్రేమకు రుజువులడగడం మర్యాద కాదు. ఊళ్లో ఎవడైనా అన్ని పార్టీల జెండాలూ ఒకే ఇంటి మీద కడితే మతి తప్పిందంటాం. కంపెనీ చేస్తే దూరదృష్టి. 2019 ఏప్రిల్ నుంచి చూస్తే బీజేపీకి 6,060 కోట్లు, కాంగ్రెస్‌కు 1,421, బీఆర్‌ఎస్‌కు 1,214 కోట్ల బాండ్లు అందాయి. మా ఎమ్మెల్యే కేటీఆర్ బీఆర్‌ఎస్, మా ఎంపీ బండి సంజయ్ బీజేపీ, రాష్ట్రంలో కాంగ్రెస్. ముస్తాబాద్ ఓటరు ఎటు తిరిగి దండం పెట్టినా బాండుకే తగులుతుంది.

2017కు ముందు కంపెనీ చందాకు ఒక హద్దుండేది, మూడేళ్ల సగటు లాభంలో ఏడున్నర శాతం. దాన్నీ ఎత్తేశారు. కాబట్టి 2024 తీర్పు ఆ సవరణనూ కొట్టేసేదాకా, లాభం లేని కంపెనీ పన్ను కట్టక్కర్లేకపోయినా చందా మాత్రం శుభ్రంగా ఇవ్వగలిగేది. విదేశీ చందాల చట్టాన్ని 2016లో, మళ్లీ 2018లో సవరించి, విదేశీ కంపెనీల ఇక్కడి అనుబంధ సంస్థలిచ్చిన చందాలు 1976 నుంచీ తప్పు కాదన్నారు. మా ఊరి పిల్లలు దుబాయిలో, మస్కట్‌లో ఇటుకలు మోస్తున్నారు. అక్కడి నుంచి వాళ్లు ఓటు వేస్తామంటే కుదరదు. విమానం దిగి, ముస్తాబాద్ బడిలో లైన్లో నిలబడాలి. విదేశీ పైసకు వీసా అక్కర్లేదు, పాతికేళ్ల పిల్లగాడి ఓటుకు టికెట్ కావాలి. శతకోటీశ్వరుల చేత సంపదలో కనీసం 2 శాతం పన్ను కట్టిద్దామని 2024లో బ్రెజిల్ అధ్యక్షతన జీ-20 ముందుకు ఫ్రెంచి ఆర్థికవేత్త గాబ్రియెల్ జుక్‌మన్ ప్రతిపాదన తెస్తే, అలా చేస్తే ధనవంతులు దుబాయి వెళ్లిపోతారని చాలామంది కంగారుపడ్డారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి జనం దుబాయి పోతూ దశాబ్దాలవుతోంది. అక్కడ ఆదాయపు పన్ను లేదు, నిజమే. క్యాంపులో ఒక్కో గదికి ఎంత మందో అడగండి. వాళ్లు వెళ్లిపోయారని ఏ ఆర్థికవేత్తా కంటతడి పెట్టినట్టు వినలేదు.

పన్ను తర్వాత ఓటు. మన పక్కనే, జగిత్యాల, కోరుట్ల ఉన్న నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో 2019లో 185 మంది పోటీ చేస్తే 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులు. ఒక్కొక్కరూ 25 వేల డిపాజిట్ కట్టారు. గిట్టుబాటు ధర అడగడానికి ప్రజాస్వామ్యంలో దరఖాస్తు రుసుము అది. ఆరోవంతు ఓట్లు రాకపోతే ఆ డబ్బు ఖజానాకే. పసుపు బోర్డు తెస్తానని బాండు పేపరు రాసిచ్చిన ధర్మపురి అర్వింద్ గెలిచారు, బోర్డు 2025 జనవరిలో మొదలైంది. బాండు పేపరు మీద రైతుకు హామీ దొరికింది, బాండు కాగితం మీద పార్టీకి డబ్బు దొరికింది. ఏది ముందు చెల్లిందో చెప్పక్కర్లేదు.

2024లో దేశంలోనే అందరికంటే సంపన్న అభ్యర్థులిద్దరూ తెలుగువాళ్లే. గుంటూరులో పెమ్మసాని చంద్రశేఖర్ అఫిడవిట్లో 5,705 కోట్లు, చేవెళ్లలో కొండా విశ్వేశ్వర్ రెడ్డి అఫిడవిట్లో 4,568 కోట్లు. ఇద్దరూ గెలిచారు. దాచకుండా రాశారు, మెచ్చుకోవాలి. ఎన్నికల ఖర్చుకు పరిమితి 95 లక్షలు, అంటే పెమ్మసాని ఆస్తిలో ఆరువేలవ వంతు. అదే పరిమితి 25 వేలు అప్పు చేసి డిపాజిట్ కట్టే పసుపు రైతుకూ ఉంది. సమానత్వం అంటే ఇదే. ఇద్దరూ 95 లక్షలు మించి ఖర్చు పెట్టడానికి వీల్లేదు.

2021లో హుజూరాబాద్ ఉపఎన్నికప్పుడు ఓటుకు పంచిన డబ్బు కవర్లు తమకు అందలేదని కొన్ని ఊళ్లలో ఆడవాళ్లు రోడ్డెక్కారు. ఎంత సిగ్గుచేటని పట్నం పత్రికలు రాశాయి. 2025 మార్చి 30న అమెరికాలో విస్కాన్సిన్ సుప్రీంకోర్టు జడ్జి ఎన్నికకు రెండ్రోజుల ముందు, ఎలాన్ మస్క్ వేదికెక్కి పది లక్షల డాలర్ల చెక్కులు రెండు, కెమెరాల ముందే ఇద్దరు ఓటర్ల చేతికిచ్చాడు. మనవాళ్లు చీకట్లో ఇస్తారు, వాళ్లు ఫ్లాష్ లైట్లలో ఇస్తారు. అంత చేసినా ఆయన మెచ్చిన అభ్యర్థి ఓడిపోయాడు. పుచ్చుకుని వేరేవాళ్లకు గుద్దే విద్య మన దగ్గరే ఉందని గర్వపడేవాళ్లం, అదీ పోయింది.

ఈ లెక్కలన్నీ మా వాడలో బీడీలు చుట్టే ఒక పెద్దావిడకు వివరిస్తున్నా. పాత పన్ను పద్ధతిలో ఉన్న కంపెనీ వంద కోట్లు పార్టీకిస్తే, సెక్షన్ 80జీజీబీ కింద ఆ వందా లెక్కలోంచి తీసేసి ముప్పై కోట్ల పైచిలుకు పన్ను తగ్గించుకోవచ్చని చెప్పేసరికి చాట పక్కన పెట్టింది.

"చందా ఇస్తె పన్ను తగ్గుతదా బిడ్డా?"

"తగ్గుతది అవ్వా."

"మరి గణపతికి ఐదు నూర్లు రాయించుకపోయిండ్రు. నా ఆకు మీద, తంబాకు మీద తగ్గియ్యరా?"

"గణపతి పార్టీ కాదు కదా అవ్వా."

"పార్టీ పెట్టుడు ఎంత సేపు?"

అది ఎన్నికల కమిషన్‌కు కొత్త సమస్యేం కాదు. చందా తీసుకుని, కమీషన్ పట్టుకుని మిగతాది వెనక్కిచ్చే గుర్తింపు లేని పార్టీలున్నాయని 2022లో ఆదాయపు పన్ను శాఖ దేశమంతా సోదాలు చేసింది. అదంతా చెప్పి ఆవిడను భయపెట్టడం ఇష్టం లేక, వంద మంది ఓటర్లు సభ్యులుండాలి, పది వేలు ఫీజు కట్టాలి అన్నాను.

"వంద మందా? మా వాడల్నే ఉన్నరు."

"పది వేలు?"

"గా కంపెనీని అడుగు. గన్ని పార్టీలకు ఇచ్చినోళ్లకు ఇంకొక్కటి బరువైతదా?"