ఒక ట్రీట్‌మెంట్ చార్టు ఆత్మకథ

ఆసుపత్రిలో చేరిన రోగికి ఏ మందు, ఎంత మోతాదులో, ఏ వేళకు, సూదిగా ఇవ్వాలా మాత్రగా ఇవ్వాలా అన్నది డాక్టరు రాసే కాగితమే ట్రీట్‌మెంట్ చార్టు. ఇచ్చిన ప్రతి డోసుకూ సిస్టర్ సంతకం పడేది కూడా దానిమీదే. ఇక్కడ తన కథ చెప్పుకుంటున్న చార్టు ఒక బోధనాసుపత్రి సర్జరీ వార్డుది. హెర్నియా ఆపరేషన్‌కు వచ్చిన ఒక రోగి కేస్ షీటులో చేరేదాకా అది ఖాళీ గళ్ల కాగితం. మొదటి మందు పేరు పడ్డాక అది సాక్ష్యం.

మొదటి రోజు హౌస్ సర్జన్ రాసినవి మూడు: సెఫ్ట్రియాక్సోన్ 1 గ్రాము బీడీ (రోజుకు రెండుసార్లు), పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాములు ఓడీ (రోజుకు ఒకసారి), నొప్పికి పారాసెటమాల్. రెండో రోజు నుంచి మందుల పేర్లు లేవు. అదే వైద్యం కొనసాగించమని ‘సీఎస్‌టీ’ అన్న మూడక్షరాలే ఉన్నాయి. పని ఒత్తిడి ఉన్న వార్డులో ఇది రోజూ జరిగేదే. అయితే ఆ మూడక్షరాల చాటున ఏ మందు ఎన్నాళ్లు నడిచిందో తేల్చాలంటే సిస్టర్ల సంతకాలు తప్ప వేరే ఆధారం లేదు. బయటి షాపులో బంధువులు కొని తెచ్చిన మందు చార్టుకు ఎక్కకపోవచ్చు. స్టోర్‌కు వెళ్లిన ఇండెంటులోని సూదులన్నీ ఈ రోగికే పడి ఉండకపోవచ్చు. రాసినది వేరు, తెచ్చినది వేరు, రోగి ఒంట్లోకి వెళ్లినది వేరు. ఆసుపత్రిలో మందుల వాడకాన్ని అంచనా కట్టేవారు ఈ మూడింటినీ కలిపేస్తే ఆ తర్వాత వేసిన లెక్కలన్నీ తప్పుతాయి.

రోగి ఇంటికి వెళ్లాక కేస్ షీటుతోపాటు చార్టు మెడికల్ రికార్డ్స్ విభాగం బీరువాలోకి చేరింది. దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చినది వర్ణనాత్మక పరిశోధన. ఈ తరహా పరిశోధన రోగులకు కొత్త మందేదీ ఇవ్వదు, జరుగుతున్న వైద్యాన్ని మార్చదు. ఉన్నది ఉన్నట్టు నమోదు చేసి లెక్కిస్తుంది. మందుల వాడకంపై ఓస్లోలో 1969లో జరిగిన సదస్సు, ఆ వాడకాన్ని అధ్యయనం చేసే రంగానికి తొలి మెట్లలో ఒకటి. మందుల అమ్మకం, పంపిణీ, రాత, వాడకంతోపాటు వాటి వైద్య, సామాజిక, ఆర్థిక ఫలితాలు కూడా ఈ అధ్యయనంలో భాగమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1977లో నిర్వచించింది. మన దేశంలో 2008లో ఫార్మ్.డి. కోర్సు వచ్చాక, కేస్ షీట్లు తిరగేస్తూ వివరాలు ఎక్కించుకునే విద్యార్థులు తెలుగు రాష్ట్రాల ఆసుపత్రుల్లోనూ కనిపించసాగారు. ఈ చార్టును తెరిచినది అలాంటి చేతులే. ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాకే తెరిచారు. రోగి పేరు రాసుకోలేదు, బదులుగా ఒక కోడ్ సంఖ్య ఇచ్చారు.

ఇలాంటి పరిశోధనలో వివరాలు సేకరించే పద్ధతులు మూడు. డిశ్చార్జి అయినవారి రికార్డులను వెనక్కి తిరిగి చూడటం ఒకటి. ఖర్చు తక్కువ, చాలా షీట్లు చూడవచ్చు, కానీ రాయని సంగతి దొరకదు. రోగి మంచం మీద ఉండగానే రోజూ వెంట నడిచి నమోదు చేయడం రెండోది. సందేహం వస్తే అక్కడే అడగవచ్చు. తమను గమనిస్తున్నారని తెలిసిన డాక్టర్లు మాత్రం ఆ రోజుల్లో కాస్త జాగ్రత్తగా రాస్తారు. మూడోది ఒక్కరోజు సర్వే. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన పద్ధతి ప్రకారం, సర్వే రోజు ఉదయం 8 గంటలకు వార్డులో ఉన్న రోగులనే లెక్కలోకి తీసుకుంటారు. ఒక వార్డును ఒక్కరోజులోనే ముగిస్తారు.

కొలిచే సాధనాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993 నాటి సూచికలు ప్రసిద్ధం: ఒక చీటీకి సగటున ఎన్ని మందులు, జనరిక్ పేరుతో రాసినవి ఎంత శాతం, యాంటిబయాటిక్ ఉన్న చీటీలెన్ని, సూది ఉన్నవెన్ని, అత్యవసర మందుల జాబితాలోనివి ఎన్ని. ఇవి ఓపీ చీటీల కోసం పుట్టినవి. వారం రోజులు వార్డులో ఉన్న రోగికి వీటిని యథాతథంగా అంటగట్టడం సరికాదు.

వార్డుకు తగిన కొలత నిర్ణీత దినసరి మోతాదు. ఒక వయోజనుడికి, ఆ మందు ముఖ్యంగా ఏ జబ్బుకు వాడతారో ఆ జబ్బుకు, రోజుకు సగటున పట్టే నిర్వహణ మోతాదును ఓస్లోలోని ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకార కేంద్రం నిర్ణయిస్తుంది. సూదిమందుగా ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్‌కు అది 2 గ్రాములు. ఒక వార్డులో నెలకు 480 పడక దినాలు (ఒక రోగి ఒక రోజు ఉంటే ఒక పడక దినం) నిండాయనీ, 1 గ్రాము వయల్స్ 480 వాడారనీ అనుకుంటే, 480 గ్రాములను 2తో భాగిస్తే 240 మోతాదులు. అంటే 100 పడక దినాలకు 50. ఈ అంకె ఉంటే రెండు వార్డులను, రెండు సంవత్సరాలను పోల్చవచ్చు. అయితే ఇది కొలబద్ద మాత్రమే, రోగికి ఇవ్వాల్సిన డోసు కాదు. పిల్లల వార్డుకు ఇది పనికిరాదు.

ఎంత వాడారన్నది తేలాక, సరిగా వాడారా అన్న ప్రశ్న వస్తుంది. ఈ చార్టు అన్నిటికన్నా ఎక్కువగా చెప్పగలిగేది ఆపరేషన్ రోజు గురించే. కోతచోట ఇన్ఫెక్షన్ రాకుండా యాంటిబయాటిక్‌ను సాధారణంగా కోతకు ముందు గంటలోపు ఇస్తారు. శుభ్రమైన ఆపరేషన్లలో చాలావాటికి ఒక్క డోసు చాలు, 24 గంటలు దాటి కొనసాగించనక్కర్లేదు. పరిశోధకులు ఈ ప్రమాణాలను ముందే రాసిపెట్టుకుని ఒక్కో షీటునూ వాటితో పోల్చారు. చార్టులో ‘ఉదయం 9’ అని టిక్కు ఉంది. కోత పెట్టిన సమయం మాత్రం మత్తు డాక్టరు రికార్డులో ఉంది. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూడనివారికి మందు ఇచ్చారనే తెలుస్తుంది తప్ప వేళకు ఇచ్చారో లేదో తెలియదు. సూది ఐదో రోజు వరకు నడిచినట్టు సంతకాలు చెబుతున్నాయి. ఎంపికలోనూ ప్రశ్న ఉంది. ఇలాంటి ఆపరేషన్లకు మార్గదర్శకాలు మామూలుగా సూచించేది సెఫజోలిన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటిబయాటిక్‌ల వర్గీకరణలో అది ‘యాక్సెస్’ జాబితాలో ఉంది. సెఫ్ట్రియాక్సోన్ ఉన్నది, నిరోధకత పెరిగే ప్రమాదం ఎక్కువ కాబట్టి కాపు కాయాల్సిన ‘వాచ్’ జాబితాలో.

చార్టు సాక్ష్యానికి హద్దులున్నాయి. ఏమి జరిగిందో అది చెబుతుంది. ఎందుకు జరిగిందో డాక్టరు నోట్సులో వెతకాలి, లేదా డాక్టరునే అడగాలి. ఖరీదైన యాంటిబయాటిక్ పడిన రోగులు ఎక్కువ రోజులు ఆసుపత్రిలో ఉన్నారని తేలితే, మందువల్లే ఉన్నారని అనకూడదు. జబ్బు ముదిరినవారికే ఆ మందు రాసి ఉండవచ్చు. కారణం తేల్చడం వర్ణనాత్మక పరిశోధన పని కాదు. ఏ అలవాటును ముందుగా సరిదిద్దాలో చూపడం దాని పని.

ఆ ఫలితం విద్యార్థి ప్రాజెక్టు పుస్తకంలోనే ఆగిపోతే రోగికి దక్కేదేమీ లేదు. అది సర్జరీ యూనిట్ సమావేశానికి రావాలి, మార్పు చేశాక అదే పద్ధతిలో మళ్లీ లెక్కించాలి. ఇన్‌పేషెంట్ రికార్డులను వైద్యం మొదలైన తేదీ నుంచి 3 సంవత్సరాలు భద్రపరచాలని 2002 నాటి వైద్య నియమావళి చెబుతోంది. ఆ గడువు ముగిసేలోపే, ఈ చార్టు ఇంకా బీరువాలో ఉండగానే, దానిలోని లెక్కను ఆ వార్డు డాక్టర్ల ముందు పెట్టాలి.