రక్షణ శాఖ జోలికి పోకుండా ఎంపీగా ఐదేళ్లు గడపడం ఎలా?

చేవెళ్ల నుంచి ఎప్పటికైనా ఢిల్లీకి పోవాలని కంకణం కట్టుకున్న తమ్ముడూ! హిమాయత్‌నగర్‌లో ఎదురుపడ్డప్పుడల్లా రోడ్లు, భూములు, 111 జీవో గురించే అడుగుతున్నావు. అవి నీకు ఒకరు నేర్పాలా? మొయినాబాద్ మండలంలో పుట్టినోడికి 111 జీవో ఉగ్గుపాలతోనే వస్తుంది. 1996 మార్చి 8న వచ్చింది, 84 ఊర్లు, జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్లు. నిద్రలో లేపి అడిగినా చెప్తావు. నీకు రానిదల్లా దేశ రక్షణ ఒక్కటే. టికెట్ వచ్చాక చూసుకుందాం అంటే కుదరదు, అందుకే ముందే రాసిస్తున్నా. నేను ఏ పార్టీ మనిషినని అడగొద్దు. బీజాపూర్ రోడ్డు మీద ఎవరి ఫ్లెక్సీ పెద్దగా ఉంటే వాళ్ల మనిషిని.

ముందుగా నీ పహాణీ చూపు మానుకోవాలి. మన దగ్గర నాలుగు గుంటలు కొనేవాడు సైతం పాసుబుక్కు చూస్తాడు, పహాణీ చూస్తాడు, ముప్పై ఏళ్ల ఈసీ తీయిస్తాడు, టిప్పన్ పట్టుకుపోయి హద్దురాయి జరిగిందేమోనని వంగి మరీ చూస్తాడు. అమ్మేవాడు ఎంత దేశభక్తుడైనా ఒక్క కాగితం వదలడు. ఈ బుద్ధి పార్లమెంటులో బొత్తిగా పనికిరాదు. 2025-26 బడ్జెట్‌లో రక్షణకు కేటాయించింది 6 లక్షల 81 వేల కోట్లు. దాన్ని నాలుగు పద్దులుగా ఇస్తారు: శాఖ ఖర్చులు, సైన్యం రోజువారీ ఖర్చులు, కొత్త ఆయుధాలూ నిర్మాణాల మూలధనం, పింఛన్లు. పుస్తకం చేతికొస్తుంది. తెరవకు. తెరిచావా, మూలధనం లక్షా 80 వేల కోట్లనీ, పింఛన్లే లక్షా 60 వేల కోట్లు దాటాయనీ కనిపిస్తుంది. కొత్త ఆయుధాలకు పోయేదెంత, పాత బాకీల కిస్తీలకు పోయేదెంత అని ఒక ఆలోచన వస్తుంది. ఆ ఆలోచన నోటి దాకా వచ్చిందంటే, నువ్వు శత్రుదేశం ఏజెంటువని వాట్సాప్‌లో మీ మేనమామే ఫార్వర్డ్ చేస్తాడు.

అంత భయపడాల్సిన పని కూడా లేదులే. గిలెటిన్ అని ఒక చల్లని తల్లి ఉంది. చర్చకు ఇచ్చిన రోజులు అయిపోగానే మిగిలిన పద్దులన్నిటినీ మూటగట్టి ఒకేసారి ఓటుకు పెడతారు. 2018 మార్చిలో అన్ని శాఖల పద్దులూ చర్చ లేకుండా దాదాపు అరగంటలో గట్టెక్కాయి. ఆ రోజుల్లో వెల్‌లో ప్లకార్డులు పట్టుకున్నవాళ్లలో మన తెలుగువాళ్లు ముందున్నారు. ప్రత్యేక హోదా కోసం కొందరు, రిజర్వేషన్ల కోసం మరికొందరు. అడిగినవి న్యాయమైనవే, కాదనను. కాకపోతే ఆ కేకల మధ్య దేశం తుపాకుల ఖర్చు మొత్తం మారుమాట లేకుండా దాటిపోయింది. 2023 మార్చిలోనూ చర్చ లేకుండానే బడ్జెట్ పాసైంది. నువ్వు చేయాల్సిందల్లా గొంతు కాపాడుకోవడం, ప్లకార్డు తలకిందులుగా పట్టుకోకుండా చూసుకోవడం.

గొడవ మహిమ ఇంకో చోటా పని చేసింది. దేశంలోని 41 ఆయుధ కర్మాగారాలను ఏడు కంపెనీలుగా మార్చి 2021 అక్టోబరు 1 నుంచి నడిపిస్తున్నారు. మన ఎద్దుమైలారం ఫ్యాక్టరీ, అదే సైన్యానికి శరత్ యుద్ధ వాహనాలు చేసిపెట్టేది, అందులో ఒక కంపెనీ కిందికి పోయింది. కార్మికులు సమ్మె అన్నారు. రక్షణ ఉత్పత్తిలో సమ్మెల్ని నిషేధించే బిల్లు ఆ ఆగస్టులో పెగసస్ రభస నడుమనే మూజువాణి ఓటుతో నెగ్గింది. ఒక్కో కర్మాగారంలో ఏ నైపుణ్యం ఉంది, ఆ పనివాడు రిటైరైతే ఆ పని వచ్చినవాడు ఇంకెవడున్నాడు అన్న లెక్క సభలో తేలాల్సింది. తేలలేదు కాబట్టి నువ్వూ తేల్చకు. ఎద్దుమైలారం మన నియోజకవర్గం కాదు గదా!

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరికొద్దాం. దాని పేరు రక్షణ స్థాయీ సంఘం. 1993లో ఈ సంఘాలు మొదలయ్యాయి. లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి పది మంది, మొత్తం 31. మంత్రులకు చోటు లేదు. తలుపులు మూసి కూర్చుంటారు, కెమెరా ఉండదు, విప్ ఉండదు. ఎదురుగా శాఖ కార్యదర్శి, సైన్యం ఉప ప్రధానాధికారుల లాంటి పెద్దలు జవాబు చెప్పడానికి కూర్చుంటారు. నిజంగా అడగదలచుకున్నవాడికి ఇంతకన్నా మంచి గది దేశంలో దొరకదు. అందుకే నువ్వు అక్కడికి వెళ్లకూడదు. లండన్‌లో కామన్స్ రక్షణ కమిటీ చాలా విచారణలు అందరూ చూసేలా జరుపుతుంది. అలాంటి చోటైతే ఒక క్లిప్ వస్తుంది, దానికి పాట తగిలించి రీల్ వేసుకోవచ్చు. మన దగ్గర క్లిప్ రాని చోట ఎంత కష్టపడితే ఏం లాభం? తప్పక వేస్తే వెళ్లి సంతకం పెట్టు. రోజుకు 2,500 రూపాయల భత్యం వస్తుంది. బిస్కెట్లు బాగుంటాయి.

వెళ్లినవాళ్లకు ఏమైందో చెప్తా. 2018లో ఆ సంఘానికి అధ్యక్షుడు మేజర్ జనరల్ బి.సి. ఖండూరీ. రిటైరైన సైనికుడు, అధికార పార్టీ ఎంపీనే. ఆయన ముందు సైన్యం ఉప ప్రధానాధికారి లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశారు. మా సామగ్రిలో 68 శాతం కాలం చెల్లింది, 24 శాతం ఈ కాలానిది, సరికొత్తది 8 శాతం, ఈ బడ్జెట్ మా ఆశల మీద నీళ్లు చల్లింది అని. సంఘం దాన్ని అలాగే అచ్చేసి సభ ముందు పెట్టింది. పద్దులు గిలెటిన్‌కు పోయింది కూడా ఆ వారమే. అంటే వైద్యుడి రిపోర్టు బల్ల మీద ఉండగానే బిల్లు కట్టేశారన్నమాట. ఆ సెప్టెంబరులో సంఘాన్ని మళ్లీ వేసినప్పుడు అధ్యక్ష స్థానంలోకి కల్‌రాజ్ మిశ్రా వచ్చారు. నేనేమీ అనడం లేదు. ఏటేటా సంఘాన్ని కొత్తగా వేస్తారు, అంతే.

సంఘం సిఫార్సులు ప్రభుత్వం పాటించి తీరాలని లేదు. తీసుకున్న చర్య ఏమిటో మూడు నెలల్లో రాతపూర్వకంగా చెప్పాలి. ‘గమనించాం’, ‘పరిశీలనలో ఉంది’ అన్నవి ఆ రాతల్లో ఎక్కువగా కనిపించే మాటలు. మూలధనం డబ్బు ఏడాది చివర్లో మురిగిపోకుండా మరుసటి ఏటికి సాగే నిధి పెట్టమని ఈ సంఘం ఏళ్ల తరబడి అడుగుతూనే ఉంది. వాయుసేనకు 42 స్క్వాడ్రన్ల అనుమతి ఉంటే చేతిలో ఉన్నవి 31 అని నివేదికలు మొత్తుకుంటూనే ఉన్నాయి. 2025 సెప్టెంబరు 26న మిగ్-21లు సెలవు తీసుకున్నాక లెక్క 29కి దిగింది. వాటి చోటికి రావాల్సిన తేజస్ మార్క్ 1ఏ విమానాలకు 2021లో ఒప్పందం అయింది, 2024లో రాక మొదలవ్వాల్సింది, మొదలవ్వలేదు. ఒక్క ప్రాజెక్టూ చెప్పిన గడువుకు అయినట్టు గుర్తులేదని సాక్షాత్తూ వాయుసేనాధిపతే 2025 మేలో వేదిక ఎక్కి అన్నారు. ఆయనే అంటే ఇక నువ్వు అడగడమెందుకు?

కాగ్ నివేదికల సంగతీ అంతే. 2017 జులైలో వచ్చినదాంట్లో, సైన్యం వాడే 152 రకాల మందుగుండులో 61 రకాలు పోరు పది రోజులు సాగితే చాలవని ఉంది. రఫేల్ నివేదిక 2019 ఫిబ్రవరిలో ఆ లోక్‌సభ చివరి రోజున బల్ల మీదికొచ్చింది. ధరలన్నీ కప్పేసి, 2.86 శాతం చౌక అని మాత్రం చెప్పింది. ఎంతలో చౌక అని అడగకూడదు. కాగ్ నివేదిక చదివితే ఏమవుతుందో 1989లో తెలిసింది. లోక్‌సభలో అప్పుడు పెద్ద ప్రతిపక్షం మన తెలుగుదేశమే, 30 మంది. బోఫోర్స్ మీద కాగ్ రాసింది చదివి, మిగతా ప్రతిపక్షంతో కలిసి జులైలో రాజీనామాలు చేశారు. ఎంపీ పదవి కోసం ఇంత కష్టపడే నీకు ఈ కథ చెప్పడమే తప్పు. మన చేవెళ్లకు 2009లో మొదటి ఎంపీ అయిన జైపాల్ రెడ్డిగారు కూడా ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం అందుకున్న మనిషి. మాట్లాడి మాట్లాడి తెచ్చుకున్నారు. ఆయన ఫొటోకు దండ వేయి, దారిలో మాత్రం నడవకు.

దామగుండం గురించి ఎవడైనా అడిగితే ఏం చెప్పాలని కదా నీ దిగులు? మర్రిచెట్ల రోడ్డు మీద చేవెళ్ల దాటి మన్నెగూడ పోతే పూడూరు మండలం, మన లోక్‌సభ నియోజకవర్గమే. అక్కడి దామగుండం అడవిలో దాదాపు 2,900 ఎకరాల్లో నౌకాదళం ఒక స్టేషన్ కడుతోంది. 2024 అక్టోబరు 15న రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పక్కనే ఉన్నారు. సముద్రం లోపలి జలాంతర్గాములకు అతి తక్కువ ఫ్రీక్వెన్సీ అలలతో కబురు పంపే కేంద్రం ఇది. ఇలాంటిది ఇప్పటికి తిరునల్వేలి దగ్గర ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ ఒక్కటే ఉంది. దాని గుణం నాకు భలే నచ్చింది. కేంద్రం మాట్లాడుతుంది, జలాంతర్గామి వింటుంది, అదే తరంగం మీద తిరిగి జవాబు చెప్పలేదు. ఎంపీ ఎలా ఉండాలో ఇంతకన్నా బాగా ఎవరూ చూపలేరు.

అక్కడివాళ్లు అడిగేవి చూడబోతే రహస్యాలేమీ కావు. అడవికి బదులు మొక్కలు ఎక్కడ పెట్టారు? ఎన్ని బతికాయి? రామలింగేశ్వర స్వామి గుడికి దారి ఉంటుందా? మూసీకి పోయే వాగుల మాటేమిటి? పూడూరు పిల్లలకు అందులో ఏ పని దొరుకుతుంది? నౌకాదళం ఏ అలతో ఎవరికి ఏం చెప్తుందని ఒక్కడూ అడగలేదు. అడిగినా సభలో చెల్లదు, స్వభావరీత్యా రహస్యమైనవాటి మీద ప్రశ్న ఉండకూడదని లోక్‌సభ నియమాల్లోనే రాసి ఉంది. కానీ ఈ తేడా జనానికి వివరించావంటే మిగతావి అడిగే బాధ్యత నీ నెత్తిన పడుతుంది. కాబట్టి మొక్కలు, గుడి, వాగు, జీతం అన్నీ కలిపి ఒకే మాటతో కొట్టెయ్: ‘దేశ భద్రత విషయం, మాట్లాడకూడదు.’

మరీ నిలదీస్తే ఒక ప్రశ్న వెయ్యి, ఇలా: ‘(ఎ) దేశ రక్షణకు ప్రభుత్వం కట్టుబడి ఉన్న విషయం వాస్తవమేనా? (బి) అయితే, వివరాలు?’ దీనికి వచ్చే జవాబు సన్మాన పత్రంలా ఉంటుంది, ఫ్రేము కట్టించుకోవచ్చు. పొరపాటున కూడా ‘ఎన్ని హెక్టార్లలో, ఏ తేదీలోగా’ అని రాయకు. అలా రాస్తే ‘సమాచారం సేకరించి సభ ముందుంచుతాం’ అంటారు. అది హామీ కిందికి వస్తుంది. హామీల సంఘం దాన్ని రాసుకుని శాఖ వెంటపడుతుంది. శాఖ నీ మీద గుర్రుమంటుంది. నక్షత్ర గుర్తు ప్రశ్న అసలే వద్దు. దానికి మంత్రి లేచి నోటితో చెప్పాలి, ఆపైన నువ్వు అనుబంధ ప్రశ్న వేయాలి, అంటే ముందురాత్రి చదవాలి.

మరి ఎప్పుడు మాట్లాడాలి? యుద్ధం వచ్చాక. 1962 నవంబరులో చైనా దాడి మీద లోక్‌సభలో 165 మంది మాట్లాడారు. అప్పటికే నూలు బట్టలూ కాన్వాస్ బూట్లతో మనవాళ్లు హిమాలయాల మంచులో నిలబడి ఉన్నారు. బూట్ల సంగతి అంతకు ముందు బడ్జెట్లలో అడిగితే ఎవరు చప్పట్లు కొడతారు? 2025 జులైలో ఆపరేషన్ సిందూర్ మీద కూడా గంటల తరబడి చర్చ నడిచింది. అలాంటి రోజు కోసం ఒక ఉపన్యాసం దగ్గర పెట్టుకో. దేశం పేరు ఖాళీ వదిలి రాసుకుంటే అన్నిటికీ పనికొస్తుంది.

చివరిది అగ్నిపథ్, సైన్యంలో భర్తీ పథకం. 2022 జూన్ 14న ప్రకటించారు, ముందుగా పార్లమెంటులో చర్చకు పెట్టలేదు. మూడు రోజులకు దాన్ని వద్దన్న పిల్లల నిరసనలో సికింద్రాబాద్ స్టేషన్ తగలబడింది, కాల్పుల్లో ఒక పిల్లాడు పోయాడు. కొవిడ్ పేరుతో రెండేళ్లు భర్తీలు ఆగి, పరుగులు తీసి తీసి వయసు దాటిపోయిన పిల్లలు వాళ్లంతా. నాలుగేళ్ల కొలువు, చివర్న వందలో పాతిక మందికి మించి ఉంచుకోరు, మిగిలినవాళ్లు సుమారు 11 లక్షల 70 వేలు పట్టుకుని ఇంటికి. నాలుగేళ్లలో తుపాకీ పని ఎంత వస్తుంది, సిగ్నల్స్ పని, ట్యాంకు రిపేరు పని ఎంత వస్తుంది, వచ్చిన పని ఇంటికి పోతే సైన్యానికి మిగిలేదేంటి అని అడగాల్సింది నువ్వే. అడగకు. మొదటి బ్యాచ్ వాళ్లు 2026 ఆఖరు, 2027 మొదట్లో ఊళ్లకు చేరతారు. నీ ఇంటి ముందు నిలబడతారు. మొయినాబాద్ చుట్టూ ఇన్ని ఫామ్‌హౌస్‌లు, ఇన్ని వెంచర్లు ఉన్నాయి, అన్నిటికీ గేటు ఉంది, గేటుకు మనిషి కావాలి. లెటర్‌హెడ్లు ఇప్పుడే కొట్టించు. పేరు, తండ్రి పేరు చోట చుక్కలు పెట్టించి, ‘ఈ యువకుడు నాకు వ్యక్తిగతంగా తెలుసు’ అన్న వాక్యం అచ్చులోనే ఉంచు. వెయ్యి దాటి ఆర్డరిస్తే ప్రింటింగ్ ప్రెస్ వాడు రేటు తగ్గిస్తాడు.