దగ్గు సూక్తికి టీకా తాత్పర్యం

మూలం: “బాబాయ్, మైకు దగ్గర దగ్గొద్దు, గోడమీద ఊరు చచ్చిపోతుంది.”

అవతారిక: మా అన్నయ్య కొడుకు ల్యాప్‌టాప్‌కు ప్రొజెక్టరు తగిలించి, హాలు గోడ నిండా గడులు పరిచి, ఇంట్లో చప్పుళ్లకు వాటిని ఆడిస్తున్న వేళ, జలుబుతో మూలుగుతున్న నాకు చేసిన హితబోధ ఇది.

ప్రతిపదార్థం: బాబాయ్ = ఓ పినతండ్రీ; మైకు దగ్గర = గాలి ఒత్తిడిని సెకనుకు 44,100 సార్లు కొలిపించి అంకెలుగా అప్పజెప్పే చెవికి సమీపమున; దగ్గొద్దు = దగ్గవద్దు, కంఠమును అదుపున ఉంచుము; గోడమీద ఊరు = జాన్ కాన్వే సృష్టించగా 1970లో లోకానికి తెలిసిన ‘గేమ్ ఆఫ్ లైఫ్’ అనెడి గడుల బస్తీ; చచ్చిపోతుంది = అతిశయోక్తి కాదు, స్వభావోక్తియే.

తాత్పర్యం: ఈ ఊళ్లో శాసనాలు రెండే. బతికున్న గడికి చుట్టూ ఉన్న 8 ఇళ్లలో రెండో మూడో బతికుంటే అది నిలుస్తుంది. తగ్గితే ఒంటరితనంతో, మించితే ఇరుకుతో పోతుంది. ఖాళీ గడికి సరిగ్గా ముగ్గురు ఇరుగుపొరుగుంటే అక్కడ పురుడు. శబ్దం పని విత్తనాలు చల్లడమే. 1,024 అంకెలు, అంటే సుమారు 23 మిల్లీసెకన్ల చప్పుడు పట్టుకుని, అందులో ఏ స్థాయి ఎంతుందో విడదీస్తారు. మంద్రం ఎడమ వరసలకు, తారం కుడి వరసలకు. పూజగది గంటకు కొన్ని వరసల్లోనే చుక్కలు పడతాయి. దగ్గులో అన్ని స్థాయులూ కలగాపులగం; ఊరు ఒక్కసారిగా నిండుతుంది. మావాడు గోడ అంచుల్ని అటూ ఇటూ కలిపేశాడు కనుక ప్రతి గడికీ 8 మంది పొరుగువాళ్లే. మరుక్షణం దీపం పెట్టే దిక్కుండదు.

విశేషం: ‘దగ్గర దగ్గొద్దు’ అనుప్రాస. స్థాయులు విడదీసే గణితాన్ని 1965లో వ్యాప్తిలోకి తెచ్చినవారు కూలీ, టూకీ. పది లక్షలు దాటే గుణకారాల కూలిని పదివేల స్థాయికి దించి, టూకీగా తేల్చారు. ఇద్దరి పేర్లూ సార్థకాలే. పాపం, ఆ శ్లేష వాళ్లకే తెలియదు.

కొందరు శబ్దంతో శాసనాలనే మార్చేస్తారట: తబలా మోగితే మూడు కాస్తా నాలుగవుతుంది. నాకు నచ్చదు. గాయకుడు గొంతెత్తాడని తాళం మార్చినట్టుంటుంది.

ఇంతలో దగ్గనే దగ్గాను. గోడ నల్లబడింది. మావాడు ఏదో అనబోయేలోగా వంటింట్లో స్టీలు గిన్నె ఖంగుమంది. ఒకే వరసలో మూడు గడులు మొలిచి, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా, మినుకుమినుకుమంటూ కూర్చున్నాయి.