సుగ్గికి పోయిన భిన్నాలు

జనవరి చివర్లో ఆదోని దాటాక ఒక ఊరి బడికి వెళ్ళాను. ఐదో తరగతి గదిలో తొమ్మిది మంది కూర్చున్నారు. పట్టీలో పేర్లు ఇరవై ఆరు. మిగతా పదిహేడు మందీ ఏరండీ అంటే, సారు చేతిలోని చాక్‌పీసుతోనే తూర్పు కిటికీ చూపించారు. ఆ దిక్కున రాత్రంతా బస్సులో కూర్చుంటే వచ్చేది గుంటూరు.

"సుగ్గికి పోయినారండీ" అన్నారు.

దీపావళి వెళ్ళాక ఇంటికి తాళమేసి, ముసలాళ్ళను అరుగుకు అప్పజెప్పి, ముందు పత్తి తీతకు, ఆపైన మిరప కోతకు కుటుంబాలకు కుటుంబాలే కదిలిపోవడాన్ని అక్కడ సుగ్గి అంటారు. మళ్ళీ ఊరి మొహం చూసేది ఉగాదికి. కన్నడంలో ఆ మాటకు కోతల పండగని అర్థం. పండగ గుంటూరు చేలకి, పస్తు ఆదోని పలకలకి.

మన చట్టాలు దయగలవి. ఐదో తరగతి దాకా ఏడాదికి 200 రోజులు బడి నడవాలంది 2009 నాటి విద్యాహక్కు చట్టం. 2020లో తల్లుల ఖాతాల్లో 15,000 వేయడం మొదలుపెట్టిన అమ్మ ఒడి పథకం, 75 శాతం హాజరుంటే చాలంది. అంటే 50 రోజులు రాకపోయినా పిల్లవాడు బంగారుకొండే. ఆ యాభై ఏ యాభయ్యో ఎవరూ అడగరు. వారానికోసారి కడుపునొప్పి వచ్చినా యాభయ్యే, ఏకబిగిన మాయమైనా యాభయ్యే. కడుపునొప్పివాడికి భిన్నాల్లో ఒక లెక్క పోతుంది. సుగ్గివాడికి భిన్నాలే పోతాయి. వాటి వెనకే దశాంశాలు, ఆ వెనక శాతాలు, ఇంకాస్త పైకెళితే బారువడ్డీ. పదో తరగతి లెక్కల పేపర్లో వాడు తప్పేది ఐదో తరగతి జనవరిలో.

పైగా సుగ్గి యాభై రోజులకి ఆగదు. "పేరు మాత్రం కొట్టేయొద్దు సారూ" అని తల్లి బస్సెక్కే ముందు దణ్ణం పెట్టి పోతుంది. సారు కొట్టేయరు. పేరుంటే పిల్లల సంఖ్య ఉంటుంది, సంఖ్య ఉంటే పోస్టుంటుంది, పైకి పంపే కాగితంలో "బడి మానేసినవారు" అన్న గడిలో సున్నా గుండ్రంగా కూర్చుంటుంది. పిల్లల్ని ఊళ్ళోనే ఆపడానికి సీజనల్ హాస్టళ్ళని ఉన్నాయి లెండి. సుగ్గి బండి దీపావళికి కదులుతుంది. హాస్టలు కదలాలంటే ముందు ఫైలు కదలాలి.

బడి ఎగ్గొట్టడంలోనూ కులగోత్రాలున్నాయి. నగరంలో ఉన్నవారి పిల్లవాడు ఒక బడిలో పేరుంచి ఏడాదంతా కోచింగ్‌లో కూర్చుంటే దాన్ని డమ్మీ స్కూలంటారు. రానందుకు ఫీజు కడతారు, ర్యాంకొస్తే ఫ్లెక్సీ కడతారు. వాడి గైర్హాజరు ప్రణాళిక. మనవాడి గైర్హాజరుకు కిలోల లెక్కన కూలొస్తుంది, చివర్న "తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదు" అని ఒక ఉపన్యాసం కూడా వస్తుంది. ఆ ఉపన్యాసాలు నేనూ ఒకటి రెండు ఇచ్చినవాణ్ణే.

ఉగాది దాటాక మళ్ళీ వెళ్ళాను. గది నిండింది. ముందు వరసలో ఒకడు చేతులు చంకల్లో దాచుకుని కూర్చున్నాడు. చూపించరా అంటే చూపించాడు. వేళ్ళ కొసలు ఎర్రగా, పొట్టు లేచిపోయి ఉన్నాయి. రాత్రిళ్ళు మంటెక్కితే మజ్జిగలో ముంచుకునేవాళ్ళమన్నాడు. కాటా ఎప్పుడు మోసం చేస్తుందో, మేస్త్రీ ఏ చేత్తో ముల్లు ఆపుతాడో కూడా చెప్పాడు.

సారుకు ముచ్చటేసింది. ఐదు నెలల పాఠాన్ని ముప్పై నిమిషాల్లో అప్పజెప్పేద్దామని బోర్డు తుడిచి, వాడికి తెలిసిన లెక్కే వేశారు.

"ఏరా, 45 కిలోల మిరప టిక్కీలో మూడో వంతు ఎంత?"

వాడు బోర్డుకేసి చూశాడు, చేతులకేసి చూశాడు.

"తరుగు తీసినాకనా సార్, తీయకముందా?"